గోధుమ సాళ్లకు డ్రిప్పు తడి ఎంత దూరం పోతది?

(యాసంగి పనుల ముందు వరంగల్‌లో రైతుల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రానివాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు కూర్చున్న పెద్దలకు, వెనక నిలబడ్డ తమ్ముళ్లకు, అక్కలకు నమస్కారం. వెనక ఉన్నోళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయి.

వరంగల్‌ల గోధుమ గురించి మాట్లాడుడు ఏంది అని కొందరికి అనిపిస్తది. నిజమే, మనది మక్క, మిరప, పత్తి, వరి. గోధుమ అంటే ఆదిలాబాద్ దిక్కు, జహీరాబాద్ దిక్కు కొద్దిగ వేస్తరు. చలి ఉన్న రాత్రులు కావాలె దానికి. కానీ వరికి నీళ్లు సరిపోని బోర్ల కింద యాసంగిల ఏం వేయాలె అని అడిగేటోళ్లు పెరుగుతున్నరు. గోధుమకు మొత్తం పంటకాలంల 300 నుంచి 350 మిల్లీమీటర్ల నీళ్లు చాలు. వరికి దీనికి పోలికే లేదు. అందుకే ఈ మాట. ఇంకొకటి, ఇయ్యాల చెప్పేదాంట్ల సగం మక్కకు, పల్లికి కూడా పనికొస్తది. సాళ్లు దగ్గర దగ్గర ఉండే ఏ పంటకైనా డ్రిప్పు పెడితే వచ్చే చిక్కు ఒకటే.

ఏంది ఆ చిక్కు? డ్రిప్పు పుట్టింది చెట్లకు, కూరగాయలకు. 1965ల ఇజ్రాయెల్ ఎడారిల దాన్ని వ్యాపారంగ తయారు చేయడం మొదలుపెట్టిన్రు. చెట్టు ఒక్కచోట ఉంటది, దాని మొదట్ల చుక్క పడితే సరిపోతది. గోధుమ అట్ల కాదు కదా! సాలుకు సాలుకు మధ్య 20 సెంటీమీటర్లు. సాలుకు ఒక పైపు వేస్తమా? ఎవ్వరం వెయ్యలేం. ఒక పైపు మూడు సాళ్లకో, నాలుగు సాళ్లకో, ఆరు సాళ్లకో నీళ్లియ్యాలె. ఎన్ని సాళ్లకు అనేది ఎవరు చెప్తరు? డీలరు చెప్తడా? నేను చెప్తనా? కాదు. మీ మట్టి చెప్తది. దాన్ని అడగకుండ పైపు వేస్తే, పైపు పక్క సాళ్లు మోకాలు దాటుతయి, నడిమి సాళ్లు జానెడు కాడ ఆగుతయి. ఫిబ్రవరిల గెట్టు మీద నిలబడి చూస్తే చేను చారలు చారలు కనవడ్తది. అప్పటికి ఏం చేసినా లాభం లేదు.

కాబట్టి పైపు కొనకముందు చేసే పని ఒకటుంది. నిన్న సాయంత్రం ఇక్కడ బయట అదే చేసి పెట్టినం, ఆఖర్ల అందరం పోయి చూద్దాం. పది మీటర్ల పైపు ముక్క, గంటకు 2 లీటర్ల నీళ్లు చుక్కలుగ ఇచ్చే డ్రిప్పర్లు 40 సెంటీమీటర్లకు ఒకటి. పొడి నేల మీద పరిచి రెండు గంటలు నడపాలె. బంజేసి తెల్లారేదాక ఆగాలె. ఎందుకు ఆగాలె? నీళ్లు బంజేసినంక కూడా తడి పక్కకు పాకుతనే ఉంటది. తెల్లారినంక పైపుకు అడ్డంగ గడ్డపారతోని అడుగున్నర లోతు గాడి తవ్వాలె. గాడి గోడ చూడండి. తడిసిన మట్టి నల్లగ, పొడి మట్టి తెల్లగ, మధ్యల గీత గీసినట్టు కనవడ్తది. ఆ తడి ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంత ఉందో టేపు పెట్టి కొలవండి. పైన కాదు, జానెడు లోతుల కొలవండి. చెల్కల, అంటే ఎర్ర నేలల, పైన చిన్న మరక లెక్క కనవడ్డా లోపల వెడల్పు ఎక్కువుంటది. పైన చూసి మోసపోవద్దు.

చెల్క నేలల మామూలుగ 50, 60 సెంటీమీటర్లు వస్తది. దుబ్బ నేల, అంటే ఇసుక నేల అయితే ఇంకా తక్కువ, నీళ్లు నిట్టనిలువున దిగుతయి. నల్లరేగడిల 90 నుంచి మీటరు పైననే వస్తది. చెరువు మట్టి తోలిన చెల్క ఉంటది చూడండి, చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ పథకంల మన దగ్గర శానమంది తోలిన్రు, అది ఈ రెండిటికి మధ్యల ఉంటది. అందుకే ఒకే చేన్ల మట్టి తోలిన దిక్కు ఒక గాడి, తోలని దిక్కు ఒక గాడి తియ్యండి. రెండు లెక్కలు వస్తయి. తక్కువ వచ్చిన లెక్కతోనే పోవాలె.

ఇప్పుడు ఆ కొలతను ఏం చేసుకోవాలె? పైపుకు అన్నిటికంటే దూరంగ ఉన్న సాలు తడి అంచుకు కనీసం 5 సెంటీమీటర్లు లోపల ఉండాలె. ఇదొక్కటి గుర్తు పెట్టుకోండి. తడి 70 వచ్చిందనుకోండి. సగం 35. ఐదు తీస్తే 30. అంటే పైపుకు 30 సెంటీమీటర్ల దాక సాలు ఉండొచ్చు. పైపుకు అటు రెండు సాళ్లు, ఇటు రెండు సాళ్లు, 10 కాడ ఒకటి, 30 కాడ ఒకటి. నాలుగు సాళ్లకు ఒక పైపు, పైపుకు పైపుకు 80. అదే తడి 50, 60 మాత్రమే వస్తే? సగం 25, 30; ఐదు తీస్తే 20, 25. పైపు మీదుగ ఒక సాలు, అటు 20 కాడ ఒకటి, ఇటు 20 కాడ ఒకటి. మూడు సాళ్లకు ఒక పైపు, ఎడం 60. నల్లరేగడిల 110 వస్తే ఆరు సాళ్లకు ఒక పైపు, 120 ఎడం కూడా నడుస్తది.

నల్లరేగడి వాళ్లకు ఒక మాట. నేలను నెర్రెలు ఇయ్యనియ్యొద్దు. ఒక్కసారి నెర్రె ఇచ్చిందంటే, చుక్క పక్కకు పాకదు, నెర్రెల నుంచి కిందికి పోతది. మీరు కొలిచిన మీటరు లెక్క ఆ రోజుతో అయిపోయినట్టే. మూడు రోజులకు ఒకసారి ఇచ్చినా ఫర్వాలేదు కానీ పది రోజులు మర్చిపోతే మాత్రం డ్రిప్పుతోని దాన్ని మళ్ల దారికి తేవడం కష్టం.

మిరప పైపులు ఉన్నోళ్లు ఏం చెయ్యాలె?

ఇక్కడ ఎక్కువమందికి ఉన్నది మిరపకో పత్తికో వేసిన 120 ఎడం పైపు. చెల్కల గోధుమకు అది చాలదు, 50 కాడ ఉన్న సాళ్లు ఎండుతయి. మరి కొత్త పైపు కొనాల్నా? లెక్క చూడండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 120 ఎడం అయితే ఎకరానికి సుమారు 3,370 మీటర్ల పైపు. 80 ఎడం అయితే 5,060. 60 ఎడం అయితే 6,745. మీ డీలరు చెప్పే మీటరు రేటుతోని గుణించుకోండి. గోధుమ మద్దతు ధర 2025-26 మార్కెటింగు సీజన్‌కు క్వింటాలుకు 2,425 రూపాయలు ఉండె. ఒక్క గోధుమ కోసమే పైపు కొంటే ఆ డబ్బులు తిరిగి రావు. ఖరాఖండిగ చెప్తున్న. వానకాలం కూరగాయలో పసుపో అదే పైపు మీద తీస్తేనే, ఏడాదికి రెండు పంటలు దాని మీద నడిస్తేనే లెక్క కుదురుతది.

ఉన్న పైపుతోనే చెయ్యాలంటే, తడి 70 వచ్చే నేలల ఒక దారి ఉంది. 120 ఎడంల ఆరు సాళ్లు పడ్తయి. అన్నిటికంటే దూరపు రెండు సాళ్లు వదిలెయ్యండి. ట్రాక్టరు గొర్రుకు ఆ రెండు గొట్టాలు మూసెయ్యాలె, బట్ట కుక్కినా చాలు. నాలుగు సాళ్లు, 60 ఖాళీ, మళ్ల నాలుగు సాళ్లు. చేను సగం ఖాళీ కనవడ్తది, మనసుకు ఒప్పదు, నాకు తెలుసు. కానీ ఎండిపొయ్యే సాళ్లకు విత్తనం, యూరియా ఎందుకు పొయ్యాలె? అంచు సాళ్లకు వెలుతురు, గాలి ఎక్కువ తగుల్తది, పిలకలు ఎక్కువ పెడ్తయి. పోయిన దాంట్ల కొంత అక్కడ తిరిగొస్తది. మొత్తం రాదు. విత్తనం ఎకరానికి మామూలుగ 40 కిలోలు, ఇట్ల వేస్తే 27 కిలోల దాక చాలు.

విత్తనం మొలిచే కాడ డ్రిప్పును నమ్ముకోవద్దు. పొడి నేలల విత్తి డ్రిప్పు నడిపితే పైపు పక్క సాలు ఐదో రోజు మొలుస్తది, దూరపు సాలు పదో రోజు మొలుస్తది, కొన్ని మొలవనే మొలవవు. ఆ ఐదు రోజుల తేడా కోతదాక పోదు. ముందుగాల చేనంతా ఒక తడి ఇయ్యండి. స్ప్రింక్లరు అయితే మంచిది, లేకుంటే పారించండి. పదును మీద నాలుగైదు సెంటీమీటర్ల లోతుల విత్తండి. నవంబరు మొదటి పక్షం దాటనియ్యొద్దు. ఆలస్యమైతే గింజ పాలుపోసుకునే టైముకు ఎండ ముదురుతది, గింజ సన్నబడ్తది. రకం అడుగుతరు కాబట్టి చెప్తున్న. మన దిక్కు ద్వీపకల్ప ప్రాంతానికని పుణెల ఉన్న ఆఘార్కర్ పరిశోధన సంస్థ తీసిన ఎంఏసీఎస్ 6222 లాంటివి అడగండి. ఉత్తరాది దీర్ఘకాలపు రకాలు తేవద్దు. మన చలికాలం వాటికి చాలదు.

మొలకలు పైకి రాకముందే పైపులు పరిచెయ్యాలె. డ్రిప్పరు రంధ్రం పైకి ఉండాలె, కిందికి పెడితే పైపుల పేరిన ఒండు దాంట్లకే పోతది. మరీ బిగ్గరగ గుంజి కట్టొద్దు. రాత్రి చల్లకు పైపు ముడుచుకుంటది, జాయినర్లు ఊడొస్తయి. కొద్దిగ వదులు ఉంచి మూడు మీటర్లకు ఒక కొక్కెం కొట్టండి. లేకుంటే గాలికి పైపు పక్క సాలు మీదికి పోతది, మీరు కొలిచిన లెక్కంతా పోయె.

బోరు ఎంత పోస్తదో అంతకే వాల్వు

ఇప్పుడు శానమంది తప్పు చేసే కాడికి వస్తున్న. మీ బోరు గంటకు ఎన్ని లీటర్లు పోస్తదో ఎంతమందికి తెలుసు? రెండించుల నీళ్లు, ఒకటిన్నర ఇంచు నీళ్లు అంటరు. ఇంచులు పనికిరావు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి, ఫోన్ల టైము చూడండి. మోటరు వేసిన అరగంట తర్వాత కొలవండి, మొదట్ల బోరు నిండుగ పోస్తది, అది నిజం లెక్క కాదు. డ్రమ్ము రెండు నిమిషాల పదమూడు సెకన్లకు నిండితే సెకనుకు లీటరున్నర. గంటకు 5,400 లీటర్లు. ఈ లెక్కతోనే పోదాం.

80 ఎడం, 40కి ఒక డ్రిప్పరు, గంటకు 2 లీటర్లు. ఎకరంల 12,650 డ్రిప్పర్లు. ఎకరమంతా ఒకేసారి నడపాలంటే గంటకు 25,300 లీటర్లు కావాలె. మీ బోరు ఇచ్చేది 5,400. అంటే ఒకసారికి ఎకరంల ఐదో వంతు, ఎనిమిది గుంటలే! ఎకరాన్ని ఐదు ముక్కలు చెయ్యాలె, ఐదు వాల్వులు పెట్టాలె. ముక్క 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు అనుకోండి. 25 లైన్లు, 2,500 డ్రిప్పర్లు, గంటకు 5,000 లీటర్లు. సరిగ్గ సరిపోయింది. మిగిలిన 400 ఫిల్టరు కాడ, లీకుల కాడ పోతది. 16 మిల్లీమీటర్ల పైపును 60 మీటర్లు దాటియ్యొద్దు, చివర ప్రెషరు ఉండదు.

పని తొందరగ అయితదని రెండు వాల్వులు ఒకేసారి తిప్పుతరు. ఏమైతది? బోరు పోసేది పెరగదు కదా. ప్రెషరు పడిపోతది. మొదటి డ్రిప్పర్లు ఇస్తయి, చివరివి ఉమ్మినట్టు ఇస్తయి. పైపు మొదట్ల ప్రెషరు గేజి చదరపు సెంటీమీటరుకు కిలో చూపియ్యాలె. అరకిలో చూపిస్తుందంటే వాల్వు ఎక్కువ తెరిచిన్రు, లేకుంటే ఫిల్టరు నిండింది.

ఎంతసేపు నడపాలె? ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే నాలుగు వేల లీటర్లు. ఈ అమరికల గంటకు ఆరు మిల్లీమీటర్ల పైన పడ్తది. డిసెంబరుల చిన్న పంటకు రోజుకు రెండు మిల్లీమీటర్లు చాలు, ముక్కకు 20 నిమిషాలు. జనవరి ఆఖరుకు, పొట్ట, పూత టైముల నాలుగు మిల్లీమీటర్లు, ముక్కకు 40 నుంచి 45 నిమిషాలు. ఐదు ముక్కలకు మూడున్నర గంటలు. కరెంటు 2018 నుంచి 24 గంటలు ఉంది, పొద్దుగాల్నే నడుపుకోవచ్చు. చెల్కల రోజు లేదా రోజు విడిచి రోజు, రేగడిల మూడు రోజులవి కలిపి ఒకసారి.

ఒక్క టైముల మాత్రం ఈ లెక్క పక్కన పెట్టండి. విత్తిన 18 నుంచి 21 రోజులు. ఒక మొక్కను పారతోని మట్టితో సహా పెకిలించి నీళ్లల కడిగి చూడండి. విత్తనం నుంచి వచ్చిన సన్న వేర్లు కింద ఉంటయి. వాటికి పైన, నేలకు రెండు మూడు సెంటీమీటర్ల లోపల ఒక కణుపు ఉంటది, అక్కడి నుంచి తెల్లగ, లావుగ కొత్త వేర్లు మొలుస్తుంటయి. గోధుమను నిలబెట్టేవి, పిలకలను సాదేవి అవే. పైన మట్టి ఎండి ఉంటే ఆ వేరు మొన మట్టిలకు దిగలేదు, అక్కడనే ఆగిపోతది. పారించేటోళ్లు కూడా ఈ ఒక్క తడి తప్పొద్దు అంటరు, ఎందుకంటే ఇదీ కారణం. డ్రిప్పుల రోజూ 20 నిమిషాలు ఇస్తే దూరపు సాలు పైమట్టి తడవదు. అందుకే ఆ నాలుగు రోజులల్ల ఒకసారి రెండు గంటలు ఏకధాటిగ నడపండి. మీరు గాడి తవ్వినప్పుడు నడిపినంత సేపు. దూరపు సాలుల వేలు గుచ్చి చూడండి, తడి తగలాలె.

ఎరువు. ఎకరానికి నత్రజని 48 కిలోలు, భాస్వరం 24, పొటాష్ 16. డీఏపీ ఒక బస్తా విత్తేటప్పుడు నేలల వెయ్యండి, భాస్వరం సరిపోతది. బస్తా డీఏపీని డ్రిప్పుల పొయ్యొద్దు, దాని మడ్డి డ్రిప్పర్లల కూర్చుంటది. మిగిలిన నత్రజనికి 85 కిలోల దాక యూరియా కావాలె, అంటే రెండు బస్తాలకు కొంచెం తక్కువ. 15వ రోజు నుంచి 60వ రోజు దాక ఏడు సార్లు, సారికి 12 కిలోలు. 12 కిలోలను 40 లీటర్ల నీళ్లల కరిగించండి. యూరియా కరిగేటప్పుడు నీళ్ల వేడి గుంజుకుంటది, చెయ్యి పెడితే ఐసు లెక్క ఉంటది, బకెటు బయట చెమట పడ్తది. అంత చల్లగ ఉన్నప్పుడు మిగిలింది తొందరగ కరగదు. గంట ముందే కలిపి పెట్టండి, గుడ్డల వడగట్టండి. ముక్కకు 8 లీటర్లు. తెల్ల పొటాష్ 27 కిలోలను నాలుగు సార్లు చేసి ఇట్లనే ఇయ్యొచ్చు.

ముక్క 40 నిమిషాలు నడుస్తదంటే, మొదటి 13 నిమిషాలు ఉత్త నీళ్లు, నడిమి 13 ఎరువు, ఆఖరి 13 మళ్ల ఉత్త నీళ్లు. మొదట్లనే ఎరువు పోస్తే వెనక వచ్చే నీళ్లు దాన్ని వేర్ల కిందికి తోలేస్తయి. ఆఖర్ల పోస్తే పైపుల నిలిచి పాచి పడ్తది. ఎరువు నీళ్లను పైపులకు గుంజే వెంచురీ గుంజుతలేదంటే దాని అటు ఇటు ప్రెషరు తేడా లేదన్నట్టు. మెయిన్ మీది వాల్వును కొద్దికొద్దిగ మూస్తూ చూడండి, గుంజుడు మొదలైతది.

డ్రిప్పర్లు మూసుకుపోతే

బోరు నీళ్లకు 120 మెష్ జాలి ఫిల్టరు లేదా డిస్కు ఫిల్టరు చాలు. చెరువు, కాలువ, బావి నీళ్లయితే దానికి ముందు ఇసుక ఫిల్టరు ఉండాల్సిందే, పాచిని జాలి ఆపలేదు. ఫిల్టరు ముందు గేజికి, వెనక గేజికి తేడా 0.2, 0.3 కిలోలుంటే మంచిగున్నట్టు. అరకిలో అయితే అప్పుడే కడగాలె.

నెలకొకసారి ఈ పరీక్ష చెయ్యండి. మొదటి లైను, చివరి లైను, మధ్యల రెండు, మొత్తం నాలుగు లైన్లు. ఒక్కో లైనుల నాలుగు చోట్ల డ్రిప్పరు కింద చిన్న గుంత తీసి గ్లాసు పెట్టండి. 16 గ్లాసులు. మూడు నిమిషాలకు ఒక్కోదాంట్ల 100 మిల్లీలీటర్లు రావాలె. మందు కొలిచే గ్లాసుతోని కొలిచి రాసుకోండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన నాలుగిటి సగటును మొత్తం 16 సగటుతోని భాగించండి. తక్కువ నాలుగిటిది 84, మొత్తానిది 96 అనుకోండి, 87 శాతం. 90 ఉంటే మంచిది, 80 కిందికి పోతే పంటకు దెబ్బ. తక్కువ వచ్చినయి ఎక్కడున్నయో కూడా చూడాలె. అన్నీ లైను చివర్లనే ఉంటే ప్రెషరు చాలట్లేదు. ఎక్కడంటే అక్కడ ఉంటే డ్రిప్పర్లు మూసుకుపోతున్నయి. ఒకే లైనుల ఉంటే ఆ లైనుకు ఎలుక కొరికిన రంధ్రం ఉంది, వెతకండి.

డ్రిప్పరు చుట్టూ తెల్లటి పొక్కు కట్టిందా? నిమ్మరసం చుక్క వెయ్యండి. బుస్సున పొంగితే సున్నం. దానికి హైడ్రోక్లోరిక్ ఆసిడ్. ఎంత వెయ్యాలె? మీ బోరు నీళ్లు పది లీటర్లు ప్లాస్టిక్ బకెట్ల పట్టి, కొద్దికొద్దిగ ఆసిడ్ కలుపుతూ, నీళ్ల పులుపు చూపే పీహెచ్ కాగితం 4 చూపించేదాక పొయ్యండి. 20 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి. గంటకు 5,000 లీటర్ల ముక్క, పావు గంట అంటే 1,250 లీటర్లు, దానికి రెండున్నర లీటర్ల ఆసిడ్. ఫిల్టరు దాటినంక ఎక్కించండి. చివరి డ్రిప్పరు కాడ కాగితం పెట్టి ఆసిడ్ చేరిందని చూసినంక మోటరు బంజేసి, ఒక రోజు పైపుల ఉంచి, తెల్లారి చివరి మూతలు తీసి కడగండి. ఆసిడ్‌నే నీళ్లల పొయ్యాలె, నీళ్లను ఆసిడ్‌ల ఎన్నడూ పొయ్యొద్దు. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దాలు పెట్టుకోండి. పాచికి బ్లీచింగు వాడేటోళ్లు అది వేరే రోజు చెయ్యండి. ఆసిడ్, బ్లీచింగు కలిస్తే విషపు గాలి వస్తది. ఊపిరాడదు, ప్రాణం పోతది. ఇది మీ ఇంట్ల పనిచేసే పిల్లలకు, జీతగాళ్లకు కూడా చెప్పండి, మీరు లేనప్పుడు వాళ్లే కలుపుతరు.

ఉప్పు బోర్ల కింద ఉన్నోళ్లకు ఇంకొక సంగతి. ఉప్పు తడి అంచుకు చేరి తెల్లగ కనవడ్తది. యాసంగిల నాలుగు చినుకులు పడితే, వాన వచ్చిందని డ్రిప్పు బంజేయొద్దు. ఆ చినుకులు అంచు ఉప్పును వేర్ల మీదికి తెస్తయి. వాన పడేటప్పుడే డ్రిప్పు నడపండి, ఉప్పు బయటికే పోతది. వానకాలం పెద్ద వానలకు అదంతా కొట్టుకపోతది.

గింజ గట్టిపడినంక, కోతకు పది పదిహేను రోజుల ముందు నీళ్లు ఆపండి. మిషిను రాకముందే పైపులు తియ్యాలె, ఒక్క లైను మరిచినా చుట్టుకుంటది. తియ్యడానికి ముందు చివరి మూతలు విప్పి, నీళ్లు తేటగ వచ్చేదాక కడిగి, రీలుకు చుట్టండి. మడతపెట్టి కట్టొద్దు, మడత కాడ పగుల్తది. నేల మీద కుప్పెయ్యకుండ నీడల వేలాడదీయండి, ఎలుకలు అందుకోవు. ఏ రీలు ఏ ముక్కదో రంగుతోని గుర్తు పెట్టండి.

సరే, ఎండ ముదరకముందే బయటికి పోదాం. ఒక గాడి చెల్కల ఉంది, ఒకటి చెరువు మట్టి తోలిన కాడ ఉంది. టేపు అక్కడనే పెట్టినం, నలుగురు నలుగురు దిగి జానెడు లోతుల మీరే కొలవండి.